నాలుగు రోజుల పని, 112 రూపాయలు

తెలుగు న్యూస్ సైట్లలో మంచి రిపోర్టర్లు ఉన్నా ‘ఆ హీరోయిన్ ఇలా చేసిందేంటి?’ లాంటి హెడ్డింగులే ఎందుకు కనిపిస్తాయని అడిగారు. హైదరాబాద్‌లో ఒక న్యూస్ సైట్ డెస్కులో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ చూసింది చెబుతాను.

ఒకసారి గుంటూరు జిల్లా మిర్చి కౌలు రైతుల గురించి రాశాను. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టలేదు. మూడు ఊళ్లు, నాలుగు రోజులు తిరిగాను. బస్సులు, లాడ్జి, తిండి కలిపి ఆరు వేలయింది, నా జీతం కాకుండా. కథనానికి వచ్చిన వ్యూస్ 2,800. వెయ్యి వ్యూస్‌కు సుమారు 40 రూపాయల యాడ్ డబ్బు వచ్చేది, అంటే 112 రూపాయలు. అదే రోజు ఇరవై నిమిషాల్లో పెట్టిన ఒక ఫొటో గ్యాలరీకి లక్షన్నర వ్యూస్, ఆరు వేల రూపాయలు. నా ప్రయాణం ఖర్చు తీర్చింది ఆ గ్యాలరీయే. ఈ సంగతి నాకు చాలాకాలం మింగుడుపడలేదు.

అలాగే గ్యాలరీల డబ్బుతో రిపోర్టింగ్ నడపొచ్చు కదా అనిపిస్తుంది. క్విజ్‌లు, లిస్టులతో ఎదిగిన అమెరికా సైట్ బజ్‌ఫీడ్ చేసింది అదే. దాని న్యూస్ విభాగానికి చైనాలోని షిన్‌జియాంగ్ నిర్బంధ శిబిరాల కథనాలకు 2021లో పులిట్జర్ జర్నలిజం అవార్డు వచ్చింది. 2023లో ఆ విభాగాన్నే మూసేశారు. కంపెనీకి డబ్బు ఇబ్బంది రాగానే ముందు కోత పడేది ఖర్చెక్కువ, రాబడి తక్కువ ఉన్న పని మీదే. మా దగ్గరా అంతే. ఊళ్లకు వెళ్లడం ఆగిపోయింది, షిఫ్టుకు పదిహేను ఐటమ్స్ టార్గెట్ వచ్చింది. ఆ టెన్షన్‌లో ఒక్క ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కునే టైమ్ కూడా ఉండదు. అందుకే డెస్కులో కూర్చున్న పిల్లలను తిట్టకండి.

నాకు నమ్మకమున్న దారి చందా ఒక్కటే. 2012లో మొదలైన న్యూస్ సైట్ న్యూస్‌లాండ్రీ యాడ్స్ తీసుకోకుండా పాఠకుల డబ్బుతో నడుస్తోంది. తెలుగులో ఇది కష్టమే. ఇంటికొచ్చే పేపరుకు నెలనెలా డబ్బు కట్టేవాళ్లు కూడా ఫోన్‌లో వార్త ఊరికే రావాలనుకుంటారు. కానీ లెక్క వేసి చూడండి. యాడ్స్ దగ్గర 112 రూపాయలు తెచ్చిన ఆ 2,800 మందే నెలకు వంద చొప్పున ఇస్తే 2,80,000 రూపాయలు. నలుగురు రిపోర్టర్ల జీతాలూ, వాళ్ల బస్సు ఛార్జీలూ అందులో వస్తాయి.