పాఠకుల ప్రశ్నలు: ‘ది వైర్’ ఆఖరి సీజన్

పోయిన నెల ఈ పేజీలో ‘ది వైర్’ గురించి నాలుగు మాటలు రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆఖరి సీజన్ మీదే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఉన్న మత్తుమందు ముఠాలు, పోలీసులు, రాజకీయ నాయకుల మీద హెచ్‌బీఓ తీసిన ఈ సీరియల్ ఐదో సీజన్ 2008 జనవరి నుంచి మార్చి దాకా పది ఎపిసోడ్లుగా వచ్చింది. ముగింపుతో సహా అన్నీ మాట్లాడుకోబోతున్నాం. ఇంకా చూడనివాళ్లు చివరి ప్రశ్న ఒక్కటి చదివి పేజీ తిప్పేయండి.

మేడమ్, నాలుగు సీజన్లు కళ్లార్పకుండా చూశాను. ఐదో దాంట్లో డిటెక్టివ్ మెక్‌నల్టీ లేని సీరియల్ కిల్లర్‌ని పుట్టించేసరికి మనసు విరిగిపోయింది. శవం గొంతు నులిమే సీన్ అయితే చూడలేకపోయాను. పైగా అన్నీ మరీ తొందరగా జరిగిపోయాయి. అంతదాకా నిజంలా నడిచిన కథ సినిమా అయిపోలేదా? – ఒక పాఠకుడు, కాకినాడ

మీలాగే చాలామంది అనుకున్నారు. కానీ ఆ అబద్ధం ఎక్కణ్నుంచి పుట్టిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. నాలుగో సీజన్ చివర్లో పాడుబడ్డ ఇళ్లలో 22 శవాలు బయటపడ్డాయి. వాళ్లను చంపించింది మత్తుమందు ముఠా నాయకుడు మార్లో అని డిపార్ట్‌మెంట్‌లో తెలియనివాళ్లు లేరు. అయినా స్కూళ్ల బడ్జెట్‌లో లోటు పూడ్చాలని మేయర్ కార్కెట్టి పోలీసుల డబ్బు కోసేస్తాడు. ఓవర్‌టైమ్ రాదు, కార్లు బాగుచేయించే దిక్కుండదు, మార్లో మీద నిఘా పెట్టిన యూనిట్‌నే మూసేస్తారు. అదే, ఎవడో ఉన్మాది ఇల్లూవాకిలీ లేనివాళ్లను వేటాడుతున్నాడని పేపర్లో పడగానే డబ్బూ వస్తుంది, మనుషులూ వస్తారు. మెక్‌నల్టీ చనిపోయి ఉన్న మనిషి గొంతు నులిమి, అది హత్యలా కనిపించేలా చేసే సీన్ చూడలేకపోయానని మీరు రాశారు. నేనూ చూడలేకపోయాను. పక్కనే ఉన్న తోటి డిటెక్టివ్ బంక్ కూడా చూడలేక తిట్టుకుంటూ బయటికి వెళ్లిపోతాడు.

ఈ సీజన్‌కి గుండెకాయ ఆ బంకే అని నా నమ్మకం. మెక్‌నల్టీ, అతనికి తోడైన ఇంకో డిటెక్టివ్ ఫ్రీమన్ దొంగ కేసుతో, దొంగ ట్యాపింగ్‌తో మార్లోని పట్టుకుంటారు. చివరికి ఆ ట్యాపింగ్ వల్లే కేసు నిలబడక మార్లో బయటికి వచ్చేస్తాడు. బంక్ మాత్రం పాత ఫైళ్లు దుమ్ము దులిపి, ల్యాబ్ వాళ్ల వెంటపడి, మార్లో ముఠాలో చేరిన కుర్రాడు మైకేల్ సవతి తండ్రి హత్య కేసులో డీఎన్‌ఏ దొరకబట్టి మార్లో కుడిభుజం క్రిస్‌ని జీవితాంతం లోపల వేయిస్తాడు. ఒక్క అబద్ధం ఆడలేదు, అడ్డదారి తొక్కలేదు. మెక్‌నల్టీ ఎంచుకున్న దారి తప్పు అని చూపించడానికి రచయితలు ఉపన్యాసం పెట్టలేదు, బంక్ చేసే పనిని పక్కనే పెట్టారు. తొందర ఎక్కువైందన్న మీ ఫిర్యాదుతో మాత్రం ఏకీభవిస్తాను. ముందు సీజన్‌కి 13 ఎపిసోడ్లు దొరికాయి. ఇంత పెద్ద అబద్ధం ఊరంతా పాకడానికి పది చాలలేదు.

మత్తుమందు వ్యాపారులనే దోచుకునే ఓమర్‌ని అలా చంపడం అన్యాయం కాదా? మార్లోతో ఎదురుపడే సీన్ కోసం ఎంత ఎదురుచూశానో! ఆ రాత్రి అన్నం తినలేదు. – ఒక పాఠకుడు, ఖమ్మం

మీ బాధ నాకు అర్థమైంది. ఓమర్ పాత్ర వేసిన మైకేల్ కె. విలియమ్స్ 2021లో పోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కూడా ఓమర్ చనిపోయే ఆ చిన్న దుకాణమే. కాలు విరిగి కుంటుకుంటూ సిగరెట్లు కొనడానికి వెళ్తాడు. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తాడు. వచ్చింది చిన్నపిల్లాడని మళ్లీ కొట్టువాడి వైపు తిరుగుతాడు. ఆ పిల్లాడే కాల్చి చంపుతాడు, పేరు కెనార్డ్. మూడో సీజన్‌లో వీధిలో పిల్లలు దొంగా పోలీసు ఆటలాంటిది ఆడుతూ, ఓమర్ వేషం తనదంటే తనదని పోట్లాడుకుంటారు, గుర్తుందా? ఆ గుంపులో ఉన్న బుడతడే వీడు.

నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించింది తర్వాత వచ్చే సీన్. బాల్టిమోర్ సన్ అనే దినపత్రిక డెస్క్ ముందు రెండు చిన్న వార్తలు ఉంటాయి. ఒకటి ఇల్లు కాలిపోయిన ప్రమాదం, ఇంకోటి కొట్లో ఎవరో కాల్చి చంపబడ్డాడన్నది. చోటు ఒక్కదానికే ఉంది. ప్రమాదం వార్త వేస్తారు. ఓమర్ పేరు పేపర్లోనే రాదు. నేను జిల్లా డెస్క్‌లో రాత్రి షిఫ్టులు చేసినదాన్ని. పేజీ పెట్టేశాక ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చిపడితే మొదట ఎగిరిపోయేది అలాంటి సింగిల్ కాలమ్ చావే. వీధివీధీ భయపడిన మనిషి మార్చురీలో ఒక ట్యాగ్ అయిపోతాడు, అదీ పక్క శవం ట్యాగ్‌తో తారుమారవుతుంది. మార్లోతో ఎదురుకాల్పులు పెట్టి ఉంటే మనం చప్పట్లు కొట్టేవాళ్లం, ఇది తెలిసేది కాదు.

జర్నలిజం చదువుతున్నాను మేడమ్. పేపర్ ఆఫీసు భాగం నిజంగా అలాగే ఉంటుందా? వార్తలు కల్పించి రాసే విలేకరి టెంపుల్టన్ లాంటివాళ్లు నెగ్గుకొస్తారా? – ఒక విద్యార్థిని, వరంగల్

ఈ సీరియల్ సృష్టికర్త డేవిడ్ సైమన్ 1982 నుంచి 1995 దాకా అదే బాల్టిమోర్ సన్‌లో పోలీసు వార్తలు రాసినవాడు. పత్రిక ఖర్చులు తగ్గించుకుంటూ డబ్బిచ్చి సాగనంపిన వాళ్లలో ఒకడిగా బయటికొచ్చాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ హత్య కేసుల డిటెక్టివ్‌గా చేసి, తర్వాత బడి పంతులైనవాడు. కాబట్టి గాల్లోంచి తీసిన కథ కాదు. అయితే సైమన్ కోపం ఇంకా చల్లారలేదని తెలిసిపోతుంది. పై ఎడిటర్లిద్దరిలో మరీ ఒక్క చెడ్డ కోణమే చూపించాడు. అంతకుముందు సీజన్లలో ఎంత చెడ్డ పోలీసు బాసుకైనా ఇంతకంటే మంచి చెడ్డలు కలిపి ఇచ్చాడు.

కానీ ఆ పత్రికలో నగర వార్తలు చూసే ఎడిటర్ గస్ హేన్స్‌ని చూడండమ్మా. మీ క్లాసులో ఎవరూ చెప్పని పాఠం అతని దగ్గరుంది. మొదటి ఎపిసోడ్‌లో సిటీ కౌన్సిల్ అజెండా కాగితాలు తిరగేస్తూ ఒక స్థలం మార్పిడి దగ్గర ఆగిపోతాడు. లాభపడేది పేరుమోసిన మత్తుమందుల వ్యాపారి అని పట్టేస్తాడు. అందరి ముందూ ఉన్న కాగితమే, చదివింది అతనొక్కడే. ఇంకోచోట అర్ధరాత్రి మెలకువ వచ్చి, వార్తలో అంకెలు తారుమారయ్యాయేమోనన్న టెన్షన్‌తో డెస్క్‌కి ఫోన్ చేస్తాడు. అంకెలు సరిగ్గానే ఉంటాయి. ఈ ఉద్యోగం చేసినవాళ్లెవరైనా ఆ సీన్ దగ్గర నవ్వరు, తల ఊపుతారు.

టెంపుల్టన్ మొదటి అబద్ధం చిన్నదే. బేస్‌బాల్ సీజన్ మొదటి రోజు స్టేడియం బయట వీల్‌చెయిర్‌లో ఒక కుర్రాడు కనిపించాడని రాస్తాడు. ఇంటిపేరు లేదు, ఫొటో లేదు. గస్ అడ్డుపడతాడు, పై ఎడిటర్‌కి మాత్రం కళ్లు చెమ్మగిల్లించే వార్త కావాలి. అక్కడ దొరికిన మెప్పుతోనే, హంతకుడు తనకే ఫోన్ చేశాడని చెప్పేదాకా వెళ్తాడు. మెక్‌నల్టీకి తెలుసు అది అబద్ధమని, ఎందుకంటే హంతకుడే లేడు. అయినా బయటపెట్టలేడు. ఒకరి అబద్ధం ఇంకొకరికి అన్నం పెడుతోంది. చివరికి టెంపుల్టన్‌కి జర్నలిజంలో పెద్ద అవార్డు పులిట్జర్ వస్తుంది, గస్ కాపీ డెస్క్‌కి, నిజాయితీగా పనిచేసే విలేకరి అల్మా ఊరవతల బ్యూరోకి వెళ్తారు.

మన దగ్గర ఒత్తిడి వేరే రూపంలో ఉంటుంది. మండల కంట్రిబ్యూటర్‌కి జీతం ఉండదు, లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్లను బట్టి డబ్బు) ఉంటుంది, దానికి తోడు యాడ్ల టార్గెట్. అలాంటివాడికి పంచాయతీ తీర్మానాల పుస్తకం ఓపిగ్గా తిరగేసే తీరిక ఎక్కడిది? నువ్వు ఈ వృత్తిలోకి వస్తే మొదటి ఏడాది మీటింగులకు వెళ్లు, అజెండాలు చదువు. పేరూ ఊరూ లేని మనిషి మాటను కోట్‌గా రాయకు.

బడి పిల్లాడు డ్యూకీ చివరికి మత్తుకు బానిస అవ్వడం తల్లిగా తట్టుకోలేకపోయాను. ఒక్క పిల్లాడినైనా బాగుచేయకూడదా? – ఒక పాఠకురాలు, గుంటూరు

ఒక్కడిని బాగుచేశారమ్మా, అదే బడిలో చదివిన నేమండ్‌ని. అతన్ని దగ్గరికి తీసి ఇంట్లో పెట్టుకునే మాజీ పోలీసు కాల్విన్ దొరికాడు. డ్యూకీ కూడా పాత మాస్టారు ప్రెజ్ దగ్గరికే వెళ్లాడు, చదువు పేరు చెప్పి డబ్బు అడిగాడు. ప్రెజ్‌కి అనుమానం వచ్చినా ఇచ్చాడు. మంచి మాస్టారే, కానీ ఇల్లు ఇవ్వలేకపోయాడు. ఇద్దరు పిల్లల మధ్య తేడా తెలివిలో లేదు, ఆ ఒక్క ఇంట్లో ఉంది. మీకు కాస్త ఊరట కావాలంటే బబుల్స్‌ని చూడండి. ముందు సీజన్లలో మత్తులో మునిగినవాడు మానేస్తాడు, సోదరి ఇంటి కింది గదిలోంచి పైకొచ్చి భోజనానికి కూర్చుంటాడు. అతని కథను ఉన్నదున్నట్టు రాసే ఫ్లెచర్ అనే విలేకరి కూడా ఆ సన్‌లోనే ఉన్నాడు.

ఐదో సీజన్ నుంచి మొదలుపెట్టొచ్చా? పిల్లలతో చూడొచ్చా? – ఒక పాఠకుడు, తిరుపతి

రెండింటికీ వద్దనే చెబుతాను. బూతులు, రక్తం, పడగ్గది సీన్లు అన్నీ ఉన్నాయి, పిల్లలు పడుకున్నాక చూడండి. మొదటి సీజన్ నుంచే మొదలుపెట్టండి. మొత్తం 60 ఎపిసోడ్లు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, బాల్టిమోర్ వీధి యాస మొదట్లో చెవికి అందదు. మూడు నాలుగు ఎపిసోడ్లు ఎవరు ఎవరో తెలియక తికమకగా ఉంటుంది, అక్కడ ఆపేయకండి. రెండో సీజన్‌లో కథ హఠాత్తుగా ఓడరేవుకి మారిపోతే విసుగొచ్చి దాటేయకండి, ఆఖరి సీజన్‌లో తిరిగి కనిపించే కొందరు అక్కడివాళ్లే.