రవ్వల దుద్దులని కొన్నాక వజ్రాలు కావని తేలితే

ప్రశ్న: మాది పాలకొల్లు. పద్నాలుగు నెలల క్రితం అమ్మాయి పెళ్లికి రూ.1,85,000 పెట్టి రవ్వల దుద్దులు కొన్నాము. మొన్న భీమవరంలో మార్పించబోతే అవి వజ్రాలు కావని, వజ్రంలా కనిపించే మోయిజనైట్ అనే కృత్రిమ రాళ్లని చెప్పారు. అమ్మినవారేమో మిషన్ పెట్టి చూపించి, కూత వచ్చింది కాబట్టి వజ్రాలే అంటున్నారు. హాల్‌మార్క్ ఉంది. బిల్లులో ‘రాళ్లు’ అని మాత్రమే రాశారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, సరిచూసి ఇస్తామన్నా సరే, ఆ దుద్దులను దుకాణంవారి చేతికి ఇవ్వకండి, రాళ్లు ఊడదీయించకండి. మీ కేసుకు అవే ప్రధాన సాక్ష్యం.

హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే గాని రాళ్లకు వర్తించదు. ఇక వారు చూపించిన మిషన్, రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూసేదైతే, మోయిజనైట్ కూడా ఇంచుమించు వజ్రంలాగే వేడిని లాగుతుంది కనుక రెండింటికీ కూత వస్తుంది. అమెరికన్ డైమండ్‌నూ గాజునూ మాత్రమే అది పట్టిస్తుంది. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో రాయిని కాస్త ఏటవాలుగా చూసినప్పుడు అడుగు పలకల అంచులు జంట గీతలుగా కనిపిస్తే అది మోయిజనైట్ అనుకోవచ్చు. వజ్రంలో గీత ఒక్కటే ఉంటుంది. అయితే ఇది మీ అనుమానం తీరడానికే. రుజువుగా రత్నపరీక్షా ప్రయోగశాల నివేదిక తీసుకోండి. అవసరమైతే వినియోగదారుల కమిషనే నమూనాను పరీక్షకు పంపగలదు.

బిల్లులో ‘రాళ్లు’ అని ఉండడం మీకు ఇబ్బందే, దాచను. కానీ చెల్లించిన ధర, వాట్సాప్ సందేశాలు, దుకాణం ప్రకటనలు, కొన్నప్పుడు పక్కనున్నవారి సాక్ష్యం ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. సరుకు నాణ్యతను తప్పుగా చెప్పి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పోలీసు కేసులో మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని రుజువు కావాలి. టోకు వ్యాపారి చేతిలో దుకాణదారే మోసపోయి ఉండవచ్చు గనుక, ముందు జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లమంటాను.

స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల గడువు పెట్టండి. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు, మోసం తెలిసిన రోజునుంచి లెక్కించాలని వాదించవచ్చు గాని, కొన్న తేదీనుంచే లెక్కపెట్టుకొని మిగిలిన పది నెలల్లోపే దాఖలు చేయండి.