పురుగుల మాత్ర వేశాం, మళ్లీ ఎందుకు పడ్డాయి?

ప్రశ్న: మా ఊరి ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలకు ఫిబ్రవరిలో పురుగుల మాత్ర వేశాం. మే నెలలో ఒక పిల్లాడు దొడ్డికి కూర్చుంటే ఏలికపాము పడింది. మాత్ర ఉత్తదే అంటోంది వాళ్లమ్మ. ఏం చెప్పాలి?
– అంగన్‌వాడీ కార్యకర్త, కోవూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: మాత్ర ఉత్తది కాదని ఆ తల్లికి గట్టిగా చెప్పండి. అందులోని మందు అల్బెండజోల్ ఆ రోజు కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, రేపు చేరేవాటిని ఆపదు. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. మలంతో నేలమీద పడ్డ గుడ్డు రెండు నుంచి నాలుగు వారాలు మట్టిలో ముదిరాకే అంటుకుంటుంది. మింగిన రెండు మూడు నెలలకు కడుపులో పెద్ద పురుగవుతుంది. ఫిబ్రవరి నుంచి మేకి లెక్క సరిగ్గా అదే.

ఆ గుడ్లు ఎక్కడివో చూడండి. పసిపిల్లల దొడ్డి కదా, ఏం కాదులే అని గుడిసె వెనక పారేస్తారు. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. పెద్దవాళ్లదెంత ప్రమాదమో అదీ అంతే. మరుగుదొడ్డిలో వేయించండి. అది లేనిచోట పిల్లలు ఆడని, నీళ్లకు దూరమైన చోట లోతైన గొయ్యి తీసి, వేసిన ప్రతిసారీ మట్టి కప్పించండి. నీళ్లలో కలిపే క్లోరిన్‌కు ఈ గుడ్లు చావవు, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. బంకమట్టి పిసికిన చేత్తోనే అన్నం కలిపి పెట్టే తల్లులకు సబ్బు, పిల్లలకు కత్తిరించిన గోళ్లు తప్పనిసరి. కొంకి పురుగు దారి వేరు. దాని పిల్ల తడి మట్టిలోంచి ఉత్తకాళ్ల చర్మాన్ని తొలుచుకుని ఎక్కి, పేగును పట్టుకుని రక్తం పీలుస్తుంది. అందుకే చెప్పులు. పిల్లాడు పాలిపోయి ఉంటే పురుగులు చచ్చినంత మాత్రాన పోయిన రక్తం తిరిగి రాదు. హిమోగ్లోబిన్ చూపించి ఐరన్ ఇప్పించాలి.

మాత్ర వేసేటప్పుడు: ఏడాది నుంచి రెండేళ్ల లోపు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్లు దాటితే 400. చిన్నవాళ్లకు రెండు చెంచాల మధ్య పొడి చేసి నీళ్లలో కలపండి, పెద్ద పిల్లల చేత నమిలించండి. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని వద్దు. జ్వరంగా ఉన్న బిడ్డకు తగ్గాక వేయండి. పురుగులు ఎక్కువున్న పిల్లలకు ఆ రోజు కాస్త కడుపునొప్పి, వికారం రావచ్చు, అవి తగ్గిపోతాయి. కడుపు ఉబ్బి, పచ్చని వాంతులవుతూ, దొడ్డి ఆగిపోతే మాత్రం పురుగుల ఉండ పేగుకు అడ్డుపడిందేమోనని అనుమానించి, ఏ మాత్రా వేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపండి.

ఇంకొక మాట. బట్టీ పని ఎండాకాలంతో ముగిసి ఈ కుటుంబాలు ఊళ్లకు వెళ్తాయి. తర్వాతి విడతగా ఆగస్టు 10న వేసే మాత్ర వాళ్లకు అక్కడే అందాలి. పేరు రిజిస్టరులో లేకపోయినా దగ్గరి అంగన్‌వాడీలో అడిగి వేయించుకోమని వెళ్లేముందే ప్రతి తల్లికీ చెప్పండి.

ప్రశ్న: బెల్లం, చక్కెర తింటే పురుగులు పడతాయా? మా పాప రాత్రిళ్లు మలద్వారం దగ్గర గోక్కుంటుంది.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: తీపికీ పురుగులకూ సంబంధం లేదు. రాత్రి దురద నులిపురుగులది. ఆడవి బయటికి వచ్చి గుడ్లు పెడతాయి, గోకిన గోళ్లతో అవి మళ్లీ నోట్లోకి వెళ్తాయి. డాక్టరును అడిగి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వేసుకోండి, రెండు వారాలకు మరోసారి. గర్భిణులుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మందు వేసుకున్న మర్నాడు పొద్దున్నే పాపకు స్నానం చేయించి, లోదుస్తులు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి.