డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టిస్తే ఏసీ బిల్లు సగమవుతుందా? మా మీటర్ లెక్క ఇదీ

హనుమకొండలో ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, చెక్క కిటికీలన్నీ తీసేసి డబుల్ గ్లాస్ (రెండు పొరల అద్దం) యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) కిటికీలు పెట్టిస్తే కరెంటు బిల్లు సగమవుతుందని షాపాయన చెప్తున్నాడు, లక్షన్నర పెట్టొచ్చా అని అడిగారు. బిల్లు కోసమైతే వద్దండి. మా ఇంట్లో పదో వంతు కూడా తగ్గలేదు.

మాది కాజీపేట. పడమటి పడకగదిలో రెండు కిటికీల చౌకట్లకు చెదలు పట్టింది. ఎట్లాగూ మార్చాల్సిందే కదా అని, ఏసీ ఉన్న ఆ ఒక్క గదికి డబుల్ గ్లాస్ పెట్టించాను. గోడ చెక్కి, మళ్లీ ప్లాస్టర్ చేసి, గ్రానైట్ పట్టీ వేసేసరికి మొత్తం 38,000 అయింది. పని మే నెల మధ్యలో జరిగింది. అదే నాకు కలిసొచ్చింది: రోజూ రాత్రి 9కి మీటర్ చూసి క్యాలెండర్ మీద రాసుకున్నాను. మార్చకముందు రోజుకు 13, 14 యూనిట్లు. మార్చాక, అంతే ఎండకు, 12, 13. అంటే రోజుకు ఒక్క యూనిట్.

మా వాడకం నెలకు 400 యూనిట్ల దగ్గర ఉంటుంది. 300 దాటాక యూనిట్ 9 రూపాయలు కాబట్టి నెలకు 270 మిగిలింది. ఏసీ గట్టిగా నడిచేది మూడు నెలలే. ఏడాదికి 800 చొప్పున 38,000 ఎప్పటికి తీరుతుందో లెక్క వేస్తే మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంటర్‌నెట్‌లో చూపించే పెద్ద పెద్ద పొదుపులు ఎక్కువగా చలిదేశాలవి. అక్కడ నెలల తరబడి ఇల్లు వేడి చేసుకోవాలి, ఆ వేడి అద్దంలోంచి బయటికి పోకుండా రెండో అద్దం ఆపుతుంది. మనకు చలికాలంలో హీటర్ ఖర్చే లేదు. ఎండకాలంలోనూ మన శత్రువు బయటి గాలి వేడి కన్నా నేరుగా పడే ఎండ. నాలుగడుగులకు ఐదడుగుల కిటికీ తీసుకోండి. బయట 43 డిగ్రీలు, గదిలో 26 ఉంటే ఒంటి అద్దంలోంచి దూరే వేడి సుమారు 180 వాట్లు. డబుల్ గ్లాస్ దాన్ని సగం చేస్తుంది, అది నిజమే. కానీ సాయంత్రం నాలుగింటికి పడమటి ఎండ అదే కిటికీ మీద తిన్నగా పడితే లోపలికి వచ్చేది 800 వాట్ల దాకా ఉంటుంది. గదిలో ఇస్త్రీపెట్టె ఆన్ చేసి మర్చిపోయినట్టే. మామూలు తెల్ల అద్దం రెండు పొరలున్నా ఆ ఎండలో నాలుగింట మూడొంతులు లోపలికి వదులుతుంది. సజ్జ ఆపుతుందా అంటే, మధ్యాహ్నం ఆపుతుంది గానీ పొద్దు వాలాక ఎండ సజ్జ కింది నుంచే వస్తుంది.

మీ పాత కిటికీల రెక్కలు అద్దాలు లేని నిండు చెక్కవైతే అసలు ముట్టుకోకండి. మూసేస్తే ఎండను పూర్తిగా ఆపేది ఆ చెక్కే. తీసి అద్దం పెడితే బిల్లు పెరిగినా పెరుగుతుంది. సందులుంటే వడ్లాయనను పిలిచి రెక్కలు సరిచేయించి, చుట్టూ రబ్బరు పట్టీ వేయించండి, చాలు.

నాకు బుద్ధి వచ్చింది తర్వాత. ముందు లోపల మందం పరదా వేశాను. ఎండ అద్దం దాటి వచ్చేసింది కదా, పరదా వేడెక్కి ఆ వేడి గదిలోనే ఉండిపోయింది. తర్వాత మిద్దె మీద మొక్కలకు తెచ్చిన ఆకుపచ్చ నెట్ మిగిలితే బయట గ్రిల్‌కు కట్టాను. నాలుగో రోజుకు కోతులు చింపేశాయి (వరంగల్‌లో ఏ సలహాకైనా కోతుల ఖర్చు కలుపుకోవాలి). చివరికి మేదరి వాళ్ల దగ్గర వెదురు తడక చేయించి, కిటికీకి జానెడు దూరంలో బైండింగ్ వైరుతో బిగించాను. 1,800 రూపాయలు. మీటర్ 10, 11కి దిగింది. అద్దాలకు తగ్గిన దానికి ఇది రెట్టింపు. గదిలో వెలుతురు తగ్గింది, ఒప్పుకుంటాను. ఆరు దాటాక పైకి చుట్టేస్తాం.

డబుల్ గ్లాస్‌తో లాభమే లేదనను. రాత్రి రైళ్ల హారన్ బాగా తగ్గింది, దుమ్ము తగ్గింది. వాటి కోసమే అయితే పెట్టించుకోండి. అప్పుడు స్లైడింగ్ వద్దు, తలుపులా తెరుచుకునేవి అడగండి. స్లైడింగ్‌లో బ్రష్ సందుల్లోంచి వడగాలి వస్తుంది, పైగా సగం కిటికీయే తెరుచుకుంటుంది. రాత్రి గాలి చల్లబడ్డాక ఏసీ ఆపి కిటికీలు తెరుచుకునే అవకాశం సగం పోగొట్టుకున్నట్టే. అద్దం కొనేముందు షాపాయనను ఎస్‌హెచ్‌జీసీ అంకె ఎంతని అడగండి. బయటి ఎండలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. మామూలు అద్దానికి 0.8 పైన ఉంటుంది, ఎండను ఆపే పూత ఉన్న వాటికి 0.3, 0.4. ఆయన దగ్గర జవాబు లేకపోతే లేచి వచ్చేయండి.

ఇక స్లాబు సంగతి. బిల్లులో స్లాబు కాదు, నెత్తి మీది స్లాబు. మీరు పై అంతస్తులో ఉంటే రోజంతా కాలి రాత్రి పదకొండు దాకా వేడి దించేది అదే, కిటికీలు దాని తర్వాతే. ముందు దానికి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. మాది కింది అంతస్తు, పైన అద్దెకున్నవాళ్లు మా ఎండ భరిస్తున్నారు, కాబట్టి నా లెక్కలో స్లాబు లేదు.

మీ ఇంటికి పడమర ఎన్ని కిటికీలున్నాయి, పైన ఇంకో అంతస్తు ఉందా లేదా రాయండి. ఏసీ ఏ గదిలో ఉందో కూడా.