ఏఆర్‌టీ సెంటర్లో నర్సుగా చేస్తున్న అమ్మాయి రీసెర్చ్ అంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, ఏడాదిన్నరగా హెచ్‌ఐవీకి మందులిచ్చే ఒక ఏఆర్‌టీ సెంటర్లో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా చేస్తోంది. తోటి పిల్లలంతా జర్మనీలో నర్సు ఉద్యోగాల కోసం జర్మన్ నేర్చుకుంటున్నారు. ఇది మాత్రం ఎమ్మెస్సీలో చేరి, హెచ్‌ఐవీ మందులు వాడే పల్లెటూరి ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తానంటోంది. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. నాకేమో జబ్బు అంటుకుంటుందని భయం. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? అసలు నర్సులు రీసెర్చ్ చేయడమేంటండీ?

జవాబు:

అమ్మా, ముందు జబ్బు సంగతి చూద్దాం. అది తేలనిదే మిగతా మాటలు మీ చెవికెక్కవు. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది పొరపాటున నర్సుకు గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యింటికి దాదాపు మూడు. ఆ రోగి మందులు సరిగ్గా వాడుతుంటే ఇంకా చాలా తక్కువ. గుచ్చుకున్నా 72 గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోపే నివారణ మాత్రలు మొదలుపెట్టి 28 రోజులు వేసుకుంటారు. ఇదంతా మీ అమ్మాయికి కంఠతా వచ్చు. మీరు అడగాల్సింది వేరే ఉంది: హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ వేయించుకుందా అని. సూదితో నర్సుకు వచ్చే ముప్పులో హెచ్‌ఐవీ కంటే అది చాలా పెద్దది. ఇక పరిశోధన అంటే కూర్చుని మాట్లాడటం, ఇళ్లకు వెళ్లడం, రాసుకోవడం. ఇప్పుడు వార్డులో ఉన్నపాటి ప్రమాదం కూడా అందులో ఉండదు.

నర్సులు రీసెర్చ్ చేస్తారా అన్నారు. మీకు దగ్గరలోనే జరిగిన పని ఒకటి చెబుతాను. అమెరికాలో అడెలిన్ న్యామతి అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆవిడ బృందం మన ఆంధ్ర పల్లెల్లో ఎయిడ్స్‌తో బతుకుతున్న 68 మంది ఆడవాళ్లతో ఒక చిన్న ప్రయోగం చేసింది. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఆ ఇళ్లకు పంపారు. మాత్రలు వేసుకుంటున్నారా, ఆస్పత్రికి వెళ్లడానికి ఏం అడ్డొస్తోంది, ఇంట్లో ఎవరేమంటున్నారు, ఇవన్నీ కనుక్కోవడం ఆశాల పని. అవసరమైతే వెంట వెళ్లేవారు. దాంతోపాటు నెలనెలా ఇచ్చినవేంటో తెలుసా? మినప్పప్పు, కందిపప్పు. వీళ్లను మామూలుగా వైద్యం అందుతున్న వాళ్లతో పోల్చి చూస్తే, మాత్రలు వేసుకోవడం మెరుగైంది, రోగాలను అడ్డుకునే సీడీ4 కణాలు పెరిగాయి, దిగులు తగ్గింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లాలో 600 మంది మహిళలతో ఇదే పనిని పెద్దగా చేశారు. ఆశా తోడు మాత్రమే ఒక గుంపుకు, తోడుతోపాటు పోషకాహారం గురించి పాఠాలు ఒక గుంపుకు, పాఠాలకు బదులు ఆహారం ఒక గుంపుకు, అన్నీ కలిపి ఇంకో గుంపుకు ఇచ్చి, దేని వల్ల ఎంత లాభమో తేల్చారు.

ఇందులో కొత్త మందేమీ లేదు చూడండి. మందు ప్రభుత్వం 2004 నుంచీ ఉచితంగా ఇస్తూనే ఉంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్కటే మాత్ర, మూడు మందులూ అందులోనే. అయినా కొందరు మధ్యలో ఆపేస్తారు. ఎందుకు? సొంత ఊరివాళ్లు చూస్తారని పక్క జిల్లా సెంటర్‌కు వెళ్లేవాళ్లుంటారు. వెళ్లిన రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. డబ్బాలో మాత్రలు గలగలమంటే అత్తగారు అడుగుతారని దూది కుక్కి పెట్టుకునేవాళ్లు, లేబుల్ చింపేసేవాళ్లు ఉంటారు. మిరపకోతల కాలంలో వలస వెళితే మాత్రలు అయిపోతాయి. డాక్టర్ దగ్గర పేషంట్ ఉండేది రెండు నిమిషాలు, ఈ మాటలు అక్కడ బయటికి రావు. బరువు చూసి, మాత్రలు లెక్కపెట్టి, ‘ఏమ్మా, పోయిన నెల రాలేదే’ అని అడిగే నర్సు దగ్గర వస్తాయి. మీ అమ్మాయి ఏడాదిన్నరగా వింటున్నది ఇదే. అందుకే ఆ పిల్ల రీసెర్చ్ అంటోందని నా అనుమానం.

వాళ్ల నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని 1986లో మొదట బయటపడింది కూడా ఒక విద్యార్థిని థీసిస్ వల్లే. మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలను ఆమె గురువు సునీతీ సాలమన్ ఈ పనికి పంపారు. అప్పట్లో పెద్దపెద్దవాళ్లే ‘మన దేశంలో ఆ జబ్బెక్కడిది’ అంటున్న రోజులు. నిర్మలకు పెళ్లయింది, చిన్న పిల్లలున్నారు. సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం నమూనాలు సేకరించాలి. బస్సు ఖర్చు మిగులుతుందని భర్తే స్కూటర్ మీద దింపేవారట. వెల్లూరు సీఎంసీలో పరీక్షిస్తే ఆరు నమూనాలు పాజిటివ్. కాబట్టి పెళ్లి సంబంధాల విషయంలో నేను చెప్పేది ఒకటే, అలాంటి స్కూటర్ అబ్బాయిని వెతకండి. సరదాకే అన్నాను గానీ, ఎమ్మెస్సీ అయ్యాక మీ అమ్మాయి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ‘లెక్చరర్’ అని చెప్పుకుంటే అబద్ధమూ కాదు, పూర్తి వివరం ఎవరికీ ఇవ్వక్కర్లేదు కూడా.

ఇక దారి. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు బీఎస్సీలో 55 శాతం, రిజిస్ట్రేషన్ తర్వాత ఏడాది అనుభవం కావాలి. అనుభవం ఉంది, మార్కులు మీరు రాయలేదు. స్పెషలైజేషన్ కమ్యూనిటీ హెల్త్ తీసుకోమనండి. మెడికల్ సర్జికల్‌కు పోటీ ఎక్కువని, హోదా అని చాలామంది అటు పోతారు. ఈమె ప్రశ్న ఊళ్లో ఉంది, ఐసీయూలో లేదు.

కాలేజీ కంటే, థీసిస్ చేయించే గైడ్‌ను చూసి చేరాలి. ఇక్కడ కాస్త కటువుగా చెబుతాను. మన నర్సింగ్ కాలేజీల లైబ్రరీలో హెచ్‌ఐవీ థీసిస్‌లు తిరగేస్తే సగానికి సగం ఒకే అచ్చు. ఫలానా కాలేజీ విద్యార్థులకు ఒక ప్రశ్నపత్రం ఇవ్వడం, ఒక గంట పాఠం చెప్పడం, వారం తర్వాత అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇవ్వడం, ‘జ్ఞానం పెరిగింది’ అని రాసేయడం. పెరగక ఏమవుతుంది? అరవై మంది, ఒక గంట, ఒక పట్టిక. దీనికి ఏఆర్‌టీ సెంటర్లో ఏడాదిన్నర పని చేయనక్కర్లేదు. ఈ అచ్చునే ఎస్‌టీపీ (స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్) అంటారు. ‘ఎస్‌టీపీ చేసుకోమ్మా, త్వరగా అయిపోతుంది’ అనే గైడ్ దొరికితే ఆ రెండేళ్లూ వృథా. నర్సింగ్ సిద్ధాంతకర్త డొరోతియా ఓరెమ్ చెప్పిన సెల్ఫ్ కేర్ సిద్ధాంతం మీ అమ్మాయి చదివే ఉంటుంది, పరీక్షలో రాసే ఉంటుంది. మనిషి తనను తాను ఎంతవరకు చూసుకోగలదు, ఎక్కడ చేతకాదు, అక్కడ మాత్రమే నర్సు చేయి వేయాలి అన్నది దాని సారం. దాన్ని పల్నాడు పల్లెలో ఒంటరి మహిళకు వర్తింపజేసి చూసే గైడ్ కావాలి.

గోప్యత విషయంలో పొరపాటు జరిగితే మాత్రం కెరీర్ కాదు, కేసు అవుతుంది. 2017 హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధం. తను పనిచేసే సెంటర్ రిజిస్టర్ చూసి ఫోన్ నంబర్లు రాసుకుని ఇళ్లకు వెళ్లడం కుదరదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అనుమతి రావాలి, వాటికే నెలలు పడుతుంది. ఇంకో చిన్న విషయం, పుస్తకాల్లో ఉండదు: పరిశోధనకు ఒప్పుకుంటూ సంతకం చేసే సమ్మతి పత్రం కాపీ ఒకటి పేషంట్‌కు ఇస్తారు కదా, దాని మీద ‘హెచ్‌ఐవీ’ అని ఉంటే ఆ కాగితమే ఇంట్లో గొడవ తెస్తుంది. పైన ‘మహిళల ఆరోగ్యం’ లాంటి పేరు పెట్టడం మొదటి రోజే ఆలోచించాలి.

డబ్బు గురించి దాచను. ఎయిడ్స్ కార్యక్రమంలో పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, జీతం మీ అమ్మాయికి వస్తున్నదానికి కాస్త అటూఇటూ. నికరమైన జీవనం నర్సింగ్ కాలేజీ బోధనలో, రెగ్యులర్ స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లలో దొరుకుతుంది. పరిశోధన దానితోపాటు సాగాలి. పీహెచ్‌డీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో బెంగళూరు రాజీవ్ గాంధీ వైద్య విశ్వవిద్యాలయంతో నేషనల్ కన్సార్షియం నడుస్తోంది. అమెరికాలో నర్సింగ్ పరిశోధనకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థే ఉంది, పీహెచ్‌డీ సీటుతోపాటు ఫీజు, స్టైపెండ్ ఇచ్చే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. నెల్లూరు జిల్లా పల్లెల్లో పని జరిగింది కాబట్టి అక్కడి వాళ్లకు మన ఊళ్ల పేర్లు కొత్త కాదు. దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు సుమారు 25 లక్షల మంది, సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత మన ఆంధ్రప్రదేశే. ఈమె దరఖాస్తులో రాయడానికి కొరతేమీ ఉండదు.

జర్మనీని పూర్తిగా కొట్టేయను. ఇంటి మీద అప్పులుంటే అదే ముందు. భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవడానికి ఎలాగూ చాలా కాలం పడుతుంది, సాయంత్రాలు చదువుకోవచ్చు. అప్పు లేకపోతే మాత్రం ఎమ్మెస్సీకి దరఖాస్తు చేయించండి.

వాళ్ల నాన్నగారిని ఒకసారి ఆ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించమని రాయబోయాను. లైన్లో మీ ఊరివాళ్లెవరైనా ఉంటే పాపం వాళ్లకు ఇబ్బంది, వద్దు. ఇంట్లోనే ముగ్గురూ కూర్చోండి. ఏ పేషంట్ మాట ఆ పిల్లను నిద్రపోనివ్వలేదో అడగండి. పేరు చెప్పదు, చెప్పకూడదు. ప్రశ్న మాత్రం చెబుతుంది. దాన్ని మార్కుల జాబితాతో కలిపి నాకు పంపితే, ఏ గైడ్ దగ్గర చేరాలో అప్పుడు మాట్లాడుకుందాం.