ఊలు సంచిని మెషిన్లో ఫెల్ట్ చేయడానికి సెమీ ఆటోమేటిక్ సరిపోతుందా? నా మూడు సంచుల అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఉండేది రాయగడలో, చేత్తో ఊలు సంచి అల్లారు, దాన్ని వాషింగ్ మెషిన్లో వేసి కంబళిలా దట్టంగా ఫెల్ట్ చేయాలి, ఇంట్లో ఉన్నదేమో సెమీ ఆటోమేటిక్. నీళ్లు తనే కాచుకునే ఫ్రంట్ లోడ్ లేకపోతే కుదరదా అని.

కుదురుతుంది. నన్నడిగితే ఈ పనికి సెమీ ఆటోమేటిక్కే నయం. మాది పర్లాకిమిడి. ఇప్పటికి మూడు సంచులు చేశాను. మొదటిది ఏమీ మారలేదు, రెండోది పాడైంది, మూడోది భుజాన వేసుకుని రోజూ బజారుకి వెళ్తున్నాను. పాడైన కథలే మీకు ఎక్కువ పనికొస్తాయి కాబట్టి అవే ముందు చెప్తాను.

మొదటి సంచికి ఊలు ఇక్కడే ఒక ఫ్యాన్సీ షాపులో కొన్నాను. "ప్యూర్ ఊలమ్మా" అన్నాడు, నమ్మాను. వేడినీళ్లు పోసి, సబ్బు వేసి, గంటసేపు తిప్పాను. ఎలా వెళ్లిన సంచి అలాగే వచ్చింది, కాకపోతే శుభ్రంగా. అబద్ధమాడాడని కూడా అనలేను. మన దగ్గర అల్లే దారం ఏదైనా ఊలే కదా. షాపుల్లో రంగురంగుల ఉండల్లో ఎక్కువ భాగం అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి. దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పినా అట్టకట్టదు.

అందుకని సంచిని నీళ్లలో పెట్టే ముందు దారం కొస బెత్తెడు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే తనంతట తనే ఆరిపోతుంది, మిగిలిన నల్ల మసి వేళ్లతో నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరుగుతూ మండి, చివర గట్టి నల్ల పూసలా మిగులుతుంది. చల్లారకముందు ముట్టుకోకండి, అంటుకుంటుంది.

ఈ పరీక్షలో నెగ్గినా ఇంకో చిక్కు ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే మెరినో (మెత్తటి రకం గొర్రె ఉన్ని) ఊలులో కొన్నిటి మీద సూపర్‌వాష్ అని ఉంటుంది. అది అసలైన ఉన్నే, కాలిస్తే జుట్టు వాసనే వస్తుంది, కానీ అట్టకట్టదు. ఉన్ని పోగు మీద పెంకుటిల్లు కప్పులా ఒకదాని మీద ఒకటి వాలిన సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలితే అవి కాస్త లేస్తాయి. ఆ సమయంలో కుదిపితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఒక వైపుకే జరుగుతాయి, వెనక్కి జారలేవు. అలా జరిగి జరిగి బిగుసుకుపోవడమే ఫెల్ట్. సూపర్‌వాష్‌లో ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి, పైన సన్నటి పూత పూస్తారు. స్వెట్టరుకి అది వరం, మన సంచికి శాపం. మీ ఇంట్లో ఎప్పుడైనా ఉలెన్ స్వెట్టర్ వేడినీళ్లలో పడి చంటిపిల్లాడి సైజుకి వచ్చిందా? అదే ఇది, ఇప్పుడు కావాలని చేస్తున్నాం.

మరి అసలు ఉన్ని ఎక్కడ? మన గంజాం గొర్రెకి ఉన్నది ముతక వెంట్రుకే, కత్తిరించి వడికే ఉన్ని కాదు. మా ఒడిశా గజపతి జిల్లాలోనే చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ల సెటిల్‌మెంట్ ఉంది. జిరంగ్ బౌద్ధ ఆరామం చూడడానికి వెళ్లిన వాళ్లకి తెలిసే ఉంటుంది. చలికాలంలో మన ఊళ్లలో స్వెట్టర్లు అమ్మేది కూడా టిబెటన్లే కదా. అక్కడ పరిచయమైన ఒకావిడ కార్పెట్ నేతలో మిగిలిన ఉన్ని దారం తక్కువ ధరకి ఇచ్చింది. ముతక, గరుకు, చేతికి గుచ్చుకుంటుంది. మెరినో అంత తొందరగా అట్టకట్టదు, కానీ సంచికి కావలసిన గట్టిదనం దానికే వచ్చింది. స్వెట్టర్లు అమ్మే చోట ఊలు అడిగితే మాత్రం కాల్చి చూడకుండా కొనకండి, అవీ ఎక్కువగా మిల్లు సరుకే.

ఇక రెండో సంచి. దారం మంచిది, బుద్ధే మంచిది కాదు. సంచిని అలాగే మెషిన్లో పడేసి, టైమర్ 15 నిమిషాలకి తిప్పి, చెల్లెలు ఫోన్ చేస్తే మాట్లాడుతూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి వచ్చి, మూత తీయకుండా మళ్లీ టైమర్ తిప్పి వెళ్లాను. తీసి చూస్తే మొబైల్, చిల్లర పట్టేంత ఉంది. దాన్ని లాగి పెద్దది చేయడం ఎవరి వల్లా కాదు. అది చాలదన్నట్టు రాలిన నూగంతా నీళ్లు పోయే దారికి అడ్డం పడి టబ్బు ఖాళీ కాలేదు. మెకానిక్ వచ్చి వాల్వు దగ్గర నుంచి పిడికెడు బొచ్చు తీశాడు. నేను విసుక్కుంటుంటే మా అత్తగారు "గొంగళిలో తింటూ బొచ్చని ఏడిస్తే ఎలాగమ్మా" అన్నారు. అదేదో ముందే చెప్పాల్సింది.

ఫ్రంట్ లోడ్ వద్దనేది అందుకే. నీళ్లు తనే కాచుకుంటుంది గానీ, ఒకసారి మొదలయ్యాక మధ్యలో తలుపు తీసి చూడడం కష్టం. ఉన్ని ఒక్కోసారి 20 నిమిషాల దాకా ఏమీ పట్టనట్టుండి, తర్వాతి ఐదు నిమిషాల్లో గబుక్కున ముడుచుకుంటుంది. ఆ ఐదు నిమిషాలప్పుడు మూత తీయగలగాలి.

మూడోసారి ఇలా చేశాను. ముందు అదే దారంతో, అదే సూదితో 6 అంగుళాల చదరపు ముక్క అల్లి మెషిన్లో వేశాను. అది ఎత్తులో 4 అంగుళాలకి, వెడల్పులో 5 అంగుళాలకి వచ్చింది. అల్లినది మామూలుగా నిలువునా ఎక్కువ కుంచించుకుంటుంది. ఆ లెక్కతో సంచిని 16 అంగుళాల ఎత్తు, 13 అంగుళాల వెడల్పు అల్లితే చివరికి 11కి 11 అయింది. మీరు ఇప్పటికే అల్లేశారు కాబట్టి మిగిలిన దారంతో ఒక ముక్క చేసి చూసుకోండి, ఎంతకి వస్తుందో ముందే తెలుస్తుంది. క్రోషియాతో అల్లి ఉంటే కుంచించుకోవడం కొంచెం తక్కువ, మందం ఎక్కువ.

అల్లిక వదులుగా ఉండాలి, కుట్ల మధ్య వెలుతురు కనబడాలి. పోగులు కదలడానికి చోటుండాలి కదా. ఫెల్ట్ కాకముందు నా సంచి చూసి "ఏటమ్మా ఇది, గోనెలాగుంది" అన్నారు మా అత్తగారు. అలాగే ఉండాలి. ఇంకొకటి, వీడియోల్లో 8 అంటే ఏ లెక్కో చూసుకోండి. మిల్లీమీటర్లలో చెప్తే 8 మిల్లీమీటర్ల సూది, అమెరికా నంబరైతే 5 మిల్లీమీటర్లే. మన షాపుల్లో పాత లెక్కలో 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లే, పైగా నంబరు పెరిగితే సూది సన్నమవుతుంది. నేను దీని దగ్గరే ఒక సంచి సగం విప్పుకున్నాను.

మెషిన్లో వేసే ముందు సంచి మూతిని నున్నటి నూలు దారంతో వదులుగా టాకాలు వేయండి, లేకపోతే అంచు సాగి గంటలా విచ్చుకుంటుంది. తర్వాత సంచిని జిప్పు ఉన్న దిండు గలీబులో పెట్టండి. నూగు అందులోనే ఆగుతుంది, పట్టీ వెళ్లి అడుగున తిరిగే చక్రానికి చుట్టుకోదు. తోడుగా రెండు పాత జీన్సులు వేయండి, రాపిడికి అవే ముఖ్యం. తువ్వాళ్లు వద్దు, వాటి నూగు సంచిలో కలిసిపోతే ఇక రాదు. రంగు దిగే జీన్సు కూడా వద్దు.

నీళ్లు రాడ్ పెట్టి బకెట్లో కాచుకుని, ప్లగ్ పీకాకే ముట్టుకుని టబ్బులో పోయండి. చెయ్యి పెడితే చురుక్కుమనాలి, అంతే. మరిగే నీళ్లు ప్లాస్టిక్ టబ్బుకి మంచివి కావు. మెషిన్ పుస్తకంలో ఎంత వేడి దాకా పోయొచ్చో రాసి ఉంటుంది, నా దానికి 60 డిగ్రీలు. జీన్సు మునిగేంత నీళ్లు చాలు, ఎక్కువైతే బట్టలు తేలుతాయి తప్ప రాసుకోవు. సబ్బు కూడా అంతే. బట్టల సబ్బు తురుము రెండు చెంచాలు వేశాను. నురగ పొంగితే పోగుల మధ్య పరుపులా అడ్డం పడుతుంది. కుంకుడు రసం స్వెట్టర్లకి మంచిదని దీనికీ వాడకండి. స్వెట్టర్ ముడుచుకోకుండా కాపాడే మెత్తదనం అది, మనకి కావలసింది కాస్త క్షారం.

ఐదేసి నిమిషాలకి ఆపి, రబ్బరు గ్లవ్ వేసుకుని సంచి తీసి చూడండి. లోపల చెయ్యి పెట్టి రెండు వైపులూ విడదీయండి, అవి ఒకదానికొకటి అంటుకోవడం మొదలుపెడితే తర్వాత విడిపోవు. మడత పడిన చోటు సర్ది మళ్లీ వేయండి. కుట్లు కనబడడం మానేసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే రంధ్రాలు లేకపోతే ఆపేయొచ్చు. నా ముతక దారానికి 40 నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు వేడినీళ్లు పోయాల్సి వచ్చింది. మీ దారం మెత్తటిదైతే అంత పట్టదు. అనుమానంగా ఉంటే కాస్త ముందే ఆపండి, కావాలంటే రేపు మళ్లీ వేసుకోవచ్చు.

తర్వాత చల్లనీళ్లలో సబ్బు పోయేదాకా జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కండి. స్పిన్నర్లో వేయకండి. నా రెండో సంచికి, ఆ చిన్నదానికే, అందులో ఒక అడ్డమడత పడింది, ఇస్త్రీ చేసినా పోలేదు. తడిగా ఉండగానే ఆకారం ఇవ్వాలి. నేను మా ఇంట్లో పాత బియ్యం కుంచానికి ప్లాస్టిక్ కవరు చుట్టి సంచిని దాని మీద తొడిగాను, అడుగు చక్కగా గుండ్రంగా వచ్చింది. నీడలో ఫ్యాను కింద మూడు రోజులు ఆరింది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, ఇల్లంతా తడిసిన గొర్రెల వాసన.

పట్టీ బరువుకి సాగుతుంది. లోపలి వైపు నూలు నాడా కుట్టేస్తే ఆ బెడద లేదు. నా సంచికి మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన గుండీ పెట్టాను. అది మాత్రం ఫెల్ట్ అయ్యి ఆరాకే కుట్టాలి, కొమ్ము కూడా ఉన్నిలాగే వేడికి మెత్తబడే సరుకు.

మీరు దారం ఎక్కడ కొన్నారో రాయలేదు. ముందు ఆ కొస కాల్చి చూసి, ఏ వాసన వచ్చిందో ఇక్కడే చెప్పండి.