లాన్స్‌లో ఒక్క రోజు ఉంటే: మ్యూజియం తర్వాత, ముందు ఆ నల్ల గుట్ట ఎక్కండి

"పారిస్ నుంచి ఒక రోజు ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్స్ వెళ్దామనుకుంటున్నాం, లూవ్ర్ మ్యూజియం బ్రాంచి తప్ప అక్కడ ఏమైనా ఉందా, మూతబడ్డ బొగ్గు గనుల ఊరికి అంత దూరం పోవడం దండగేమో" అని అడిగారు. దండగ అన్న మాట చూసి ఊరుకోలేక రాస్తున్నాను. నేను పుట్టింది ఇల్లందులో. మా నాన్న బొగ్గు ఎత్తిపోసే కోల్ ఫిల్లర్‌గా చేరి ముప్పై రెండేళ్ళు ఇంక్లైన్‌లోకి, అంటే వాలుగా భూమిలోకి దిగే గనిలోకి, దిగి ఎక్కిన మనిషి. నేను ఆరేళ్ళుగా లీల్‌లో ఉంటున్నాను, అక్కడి నుంచి లాన్స్‌కి రైల్లో ముప్పావు గంట. అయినా మొదటి రెండేళ్ళు అటు వెళ్ళలేదు. బొగ్గు ఊరు చూడ్డానికి ఇంత దూరం రావాలా అనుకునేదాన్ని, కాబట్టి మీ అనుమానం నాకు అర్థమవుతుంది.

నాలుగేళ్ళ కిందట నవంబరులో అమ్మానాన్న వచ్చారు. మొదటి వారం పారిస్‌లో ఈఫిల్ టవరు, పడవ ప్రయాణం అన్నీ తిప్పాను. నాన్న ప్రతిదానికీ "బాగుంది బిడ్డా" అనేవాడు, అంతకు మించి ఒక్క మాట లేదు. లీల్‌కి తిరిగొస్తుంటే రైలు కిటికీలోంచి దూరంగా నల్లటి గుట్టలు కనపడ్డాయి. నాన్న సీట్లోంచి సగం లేచి "అవి ఓబీ గుట్టలేనా?" అన్నాడు. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీదున్న మట్టీ రాయీ తవ్విపోసిన గుట్టల్ని మా దగ్గర ఓబీ అంటారు. "అలాంటివే నాన్నా" అన్నాను. ఆయన ఇంకాస్త చూసి "కాదు, అంత నల్లగా ఉందంటే అది లోపలి నుంచి వచ్చిన రాయి" అన్నాడు. నాకు ఆ తేడా తెలియదు. ఆయన చెప్పిందే నిజం. ఇక్కడ తవ్వింది భూమి లోపల. బొగ్గుతో పాటు పైకి వచ్చిన పనికిరాని రాయిని దశాబ్దాల తరబడి ఒకేచోట పోస్తూ పోతే తయారైన గుట్టలవి. ఫ్రెంచివాళ్ళు తెర్రీ అంటారు.

ఈ ప్రాంతం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఉత్తరాన బెల్జియం సరిహద్దు దాకా పరుచుకున్న చదును నేల, పైన సుద్దరాయి, దాని మీద గోధుమ, బీట్‌రూట్, ఆలుగడ్డ పొలాలు. పైనుంచి చూస్తే లోపల బొగ్గు ఉందని ఎవరూ చెప్పలేరు, అందుకే అంత ఆలస్యంగా దొరికింది. తూర్పున వాలెన్సియెన్ వైపు 1720లోనే బొగ్గు పడింది, లాన్స్ వైపు మాత్రం 1840ల దాకా ఎవరికీ తెలియదు. 1852లో లాన్స్ గనుల కంపెనీ వచ్చాక బీట్‌రూట్ పొలాల పక్కనుండే చిన్న ఊరు కొన్ని దశాబ్దాల్లో పట్నమైపోయింది. దక్షిణాన విమీ దిబ్బ అని ఒక చిన్న ఎత్తు ఉంది. అది తప్ప మీకు కనపడే ఎత్తులన్నీ మనుషులు లోపలి నుంచి తెచ్చి పోసినవే. లాన్స్ పక్కనే లోస్ ఆన్ గోయెల్‌లో ఉన్న జంట గుట్టలు చుట్టూ ఉన్న నేల నుంచి 140 మీటర్లకు పైగా లేస్తాయి, సముద్రమట్టం నుంచి లెక్కేస్తే 186 మీటర్లు. ఇలాంటి గుట్టల్లో యూరప్‌లో ఇవే ఎత్తైనవని చెప్తారు.

మేం వెళ్ళింది ఆదివారం. ఆదివారం బస్సులు ఎంత తక్కువో నేను ముందు చూసుకోలేదు, ఇక్కడ పల్లెల్లో కారు లేకపోతే ఆదివారం నరకం, ఎన్నిసార్లు మొత్తుకున్నా మారదు. టాక్సీ పట్టుకుని ఆ జంట గుట్టల కిందున్న 11/19 అనే గని దగ్గర దిగాం. ఇక్కడి గనుల్ని కూడా మా దగ్గర ఇంక్లైన్లలాగే ఎక్కువగా నంబర్లతోనే పిలుస్తారు. ఆ గని 1986లో మూతబడింది. మనుషుల్నీ బొగ్గునీ పైకి లాగిన పాత ఇనప చట్రం, పక్కనే కాంక్రీటు టవరు అలాగే నిలబడి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పితో అమ్మ కింద బెంచీ మీద కూర్చుంది, నేనూ నాన్నా ఎక్కడం మొదలుపెట్టాం. దారి పొడవునా రాళ్ళు పలకలు పలకలుగా విరిగి కాళ్ళ కింద జారుతుంటాయి. నాన్న ఒక పలక తీసి బొటనవేలితో రుద్ది "ఇది బొగ్గు మీదుండే షేలు. దీన్ని నమ్మకూడదు, నీళ్ళు తగిలితే ఊడిపడుద్ది" అన్నాడు.

సగం ఎక్కేసరికి నాన్నకు ఆయాసం వచ్చింది. మలుపు దగ్గర ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు, జరిగి చోటిచ్చాడు. నాన్న దగ్గు విని నావైపు చూసి "గనిలో చేశాడా?" అని ఫ్రెంచిలో అడిగాడు. దగ్గును బట్టి మనిషి పని కనిపెట్టిన వాణ్ణి నేను అప్పుడే చూశాను. ఆయనది మొరాకో. 1970ల మొదట్లో వాళ్ళ ఊళ్ళకు ఇక్కడి గనుల తరఫున మనుషులు వచ్చి కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి కండలు, పళ్ళు, ఊపిరితిత్తులు చూసి, పనికొచ్చినవాడి ఛాతీ మీద ఆకుపచ్చ ముద్ర, పనికిరానివాడి మీద ఎర్ర ముద్ర కొట్టేవారట. ఈయనకు ఆకుపచ్చ పడింది. ఫ్రెంచి కార్మికులకు శాశ్వత ఉద్యోగం, వీళ్ళకేమో నెలల లెక్కన కాంట్రాక్టు. 1980లో సమ్మె చేస్తే గానీ వీళ్ళకు మిగతావాళ్ళతో సమానంగా గని కార్మికుల హోదా రాలేదట. నేను ఇది తెలుగులో చెప్తుంటే నాన్న మధ్యలోనే "కాంట్రాక్టు కార్మికుల సంగతి ఎక్కడైనా అంతేనన్నమాట" అన్నాడు.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నాన్న ఆయన చేతికర్ర అడిగి తీసుకుని, దారి పక్కన పాతిన కట్టె గుంజ మీద టక్ టక్ మని కొట్టి, చెవి అటు పెట్టి, ఆయన వైపు చూశాడు. గనిలో పై కప్పుని అలా తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే బండ గట్టిగా ఉన్నట్టు, డొల్లగా వినిపిస్తే ఊడొచ్చేలా ఉన్నట్టు. ఆ పెద్దాయన పెద్దగా నవ్వి, కర్ర తీసుకుని తనూ కొట్టాడు, కానీ రెండో అరచెయ్యి గుంజకు ఆనించి కొట్టాడు. చప్పుడు వినపడనంత మోతలో అదురు చేతికి తెలియాలి కదా. నాన్న "అవును, అవును, మేమూ అంతే!" అని తెలుగులోనే అన్నాడు, ఆయన ఆయన భాషలో ఏదో అన్నాడు. నేను అనువాదం చెయ్యాల్సిన అవసరం రాలేదు. పారిస్‌లో వారం రోజుల్లో చూడని నవ్వు నాన్న ముఖంలో అప్పుడు చూశాను.

పైకెక్కాక ఊరంతా కనిపిస్తుంది. ఒకే అచ్చులో పోసినట్టు వరసలు వరసలుగా ఎర్ర ఇటుక ఇళ్ళు, కార్మికుల కోసం కంపెనీలు కట్టినవి. మన క్వార్టర్లే, కాకపోతే వెనక చిన్న కూరగాయల దొడ్డి ఎక్కువ. ఆ దొడ్డి ఊరికే ఇవ్వలేదు, పని అయ్యాక కల్లు దుకాణానికీ యూనియన్ ఆఫీసుకీ పోకుండా ఇంటిపట్టునే ఉంటారని ఇచ్చారని నా గట్టి నమ్మకం. ఊళ్ళో జనాభా దాదాపు 32 వేలు, ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు 38 వేలు. మ్యాచ్ రోజు చుట్టుపక్కల గని ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి.

ఇక్కడి ఇళ్ళ వయసు చూస్తే మీకు ఒక అనుమానం రావాలి. దాదాపు అన్నీ 1920ల్లోనో ఆ తర్వాతో కట్టినవే. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్ళు లాన్స్ జర్మన్ల చేతిలో ఉంది, వాళ్ళు వెళ్ళేముందు గనుల్ని పేల్చి నీళ్ళతో నింపేశారు, ఊరు ఇటుక మీద ఇటుక లేకుండా పోయింది. రైల్వే స్టేషను కూడా ఆ తర్వాత కట్టిందే, పక్క నుంచి చూస్తే అచ్చం ఆవిరి ఇంజనులా ఉంటుంది, గడియారం ఉన్న గోపురమే పొగగొట్టం. దిగి గబగబా బయటికి పోకండి, రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూడండి. గనుల్ని మళ్ళీ తోడి నిలబెట్టడానికి మనుషులు చాలక 1919లో పోలండ్‌తో ఒప్పందం చేసుకుని వేలకొద్దీ కుటుంబాల్ని తెచ్చారు. అందుకే ఇక్కడ పోలిష్ ఇంటిపేర్లు అన్ని కనిపిస్తాయి. కారు ఉంటే ఉత్తరంగా ఇరవై పాతిక కిలోమీటర్లు వెళ్ళి నవ్ షాపెల్ కూడా చూడండి. ఆ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామని మనవాళ్ళని బస్సుల్లో తిప్పే టూర్లవాళ్ళు ఒక్కరూ అక్కడ ఆపరు, షాపింగ్‌కి మాత్రం రెండు గంటలిస్తారు. నాకు దీని మీద చాలా కోపం.

గుట్ట దిగాక లాన్స్ పక్కనే ఉన్న మెరికూర్ అనే ఊరు వెళ్ళాం. ఇది మాత్రం వదలకండి. 1906 మార్చి 10 పొద్దున ఆరున్నర ప్రాంతంలో కూరియేర్ కంపెనీ గనుల్లో బొగ్గు ధూళి అంటుకుని పేలుడు జరిగింది. 1,099 మంది చనిపోయారు, అందులో పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. యూరప్‌లో ఇంతకంటే పెద్ద గని ప్రమాదం లేదు. అప్పటికి మూడు రోజులుగా లోపల ఒకచోట మంట ఉంది, అది ఆరేదాకా మనుషుల్ని దించొద్దని కార్మికుల ప్రతినిధి చెప్పాడు, అయినా దించారు. కొన్ని రోజులకే ఇక ఎవరూ బతికి ఉండరని వెతకడం ఆపేశారు. ఇరవై రోజుల తర్వాత మార్చి 30న పదమూడు మంది చీకట్లో దారి వెతుక్కుంటూ వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చారు, గుర్రాల దాణా, చచ్చిన గుర్రం మాంసం తిని బతికారు. ఏప్రిల్ 4న ఇంకొకతను దొరికాడు. అంటే వెతకడం ఆపకపోతే ఇంకెందరు బతికేవారో ఆలోచించండి. జనం తిరగబడ్డారు, పెద్ద సమ్మె జరిగింది. ఆ ఏడాది జులైలో ఫ్రాన్స్‌లో వారానికి ఒక రోజు సెలవు చట్టమైందంటే ఈ కోపం లేకుండా అయ్యేది కాదని నేనంటాను. గుర్తుపట్టలేని శవాల్ని కలిపి పూడ్చిన చోటు మెరికూర్‌లో ఉంది.

అక్కడ నాన్నకు ఒక సంగతి చెప్పాను. ఆ ప్రమాదం తర్వాత పక్క ఊరు లియేవాన్‌లో ప్రయోగ కేంద్రం పెట్టి, తఫనెల్ అనే ఇంజనీరు బొగ్గు ధూళి ఎలా పేలుతుందో, రాతిపొడి కలిపితే ఆ మంట ఎలా ఆగుతుందో పరీక్షలు చేశాడు. గని గోడలకూ నేలకూ తెల్లటి సున్నపురాయి పొడి చల్లే స్టోన్ డస్టింగ్ పని నాన్న కూడా చేశాడు, ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి, చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాకు చల్లమన్నారు చల్లినం, ఎందుకో ఇంత సంగతి ఉందని ఎవరూ చెప్పలే" అన్నాడు.

అదే లియేవాన్‌లో 1974 డిసెంబరు 27న మరో పేలుడులో 42 మంది పోయారు, క్రిస్మస్ సెలవుల తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు. సరిగ్గా ఏడాదికి, 1975 డిసెంబరు 27న, మన దేశంలో ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలోకి నీళ్ళు వచ్చి 370 మందికి పైగా చనిపోయారు. ఆ తేదీ విని నాన్న "అదే తారీఖా?" అని రెండుసార్లు అడిగాడు.

ఉత్తర ఫ్రాన్స్‌లో చివరి బొగ్గు 1990 డిసెంబరులో పైకొచ్చింది. పొరలు సన్నం, ఎక్కడికక్కడ విరిగి ఉంటాయి, లోతు ఎక్కువ, బయటి దేశాల బొగ్గు చవక. మూసేశాక చాలామంది ఈ గుట్టల్ని చదును చేసి ఆ చరిత్రే లేనట్టు చేద్దామన్నారు, కొన్నిటిని రోడ్లకు తవ్వుకుపోయారు కూడా. లోస్ ఆన్ గోయెల్ మేయరుగా చేసిన జాన్ ఫ్రాన్స్వా కారోన్ లాంటివాళ్ళు పట్టుబట్టబట్టి 2012లో యునెస్కో ఈ గుట్టల్నీ ఇళ్ళనీ గనుల్నీ కలిపి 109 చోట్లని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఆయీకూర్ అనే ఊళ్ళో గుట్ట వాలు మీద ద్రాక్ష వేసి వైన్ తీస్తున్నారు. మా ఊళ్ళో నాన్న దిగిన ఇంక్లైన్ మూతికి ఇప్పుడు గోడ కట్టి ఉంది, చుట్టూ తుమ్మచెట్లు, అది ఏంటో అక్కడ ఆడుకునే పిల్లలకు తెలియదు. లాన్స్‌లో ప్రతి పిల్లాణ్ణీ స్కూలువాళ్ళు గుట్ట ఎక్కిస్తే బాగుణ్ణని, మా దగ్గర పిల్లల్ని ఆ గోడ దాకా అయినా తీసుకెళ్తే బాగుణ్ణని ఎప్పుడూ అనుకుంటాను.

ఇక మీరడిగిన మ్యూజియం. అదీ ఒక గని మీద కట్టిందే, లాన్స్ 9వ నంబరు గని. 2012లో డిసెంబరు 4నే ప్రారంభించారు, అది గని కార్మికులు కొలిచే సెయింట్ బార్బరా రోజు. అద్దాలతో, మెరిసే అల్యూమినియంతో ఒక అంతస్తులో జపాన్ ఆర్కిటెక్టులు కట్టారు. లోపల 120 మీటర్ల పొడవు హాల్లో మెసొపొటేమియా నుంచి 19వ శతాబ్దం దాకా వరసగా పెట్టారు, దానికి టికెట్ లేదు. బాగుంటుంది, వెళ్ళండి. కానీ ఆ మ్యూజియం ఊరి బతుకు మార్చేసిందని ఎవరైనా రాస్తే నమ్మకండి, ఇప్పటికీ ఇక్కడ నిరుద్యోగం దేశ సగటు కంటే ఎక్కువ, స్టేషను నుంచి నడిచేటప్పుడు మూసి ఉన్న షాపులు మీరే లెక్కపెట్టొచ్చు.

ఒక్క రోజు సరిపోతుంది. పొద్దున్నే గుట్ట, మధ్యాహ్నం మెరికూర్, సాయంత్రం మ్యూజియం. మంగళవారం వెళ్ళకండి, మ్యూజియం మూసి ఉంటుంది. ఆదివారమైతే బస్సు టైములు ముందే చూసుకోండి. పట్టున్న బూట్లు వేసుకోండి, చలికాలమైతే చెవులకు ఏదైనా కట్టుకోండి, గుట్ట పైన గాలి మామూలుగా ఉండదు. నాన్న మంకీ క్యాప్ వద్దని ఎక్కి రెండు రోజులు చెవినొప్పితో పడుకున్నాడు, అయినా ఫోన్లో మా చిన్నాన్నకు మొదట చెప్పింది ఆ కర్ర తట్టిన సంగతే.